టీ మానేస్తే అడ్వాన్సు పుట్టదు

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాం. ఓపిగ్గా చివరిదాకా చదవండి, ఎందుకంటే చివర్లో ఒక పని ఉంది.

పోయిన నెలలో మన గ్రూపుల్లో ఒక పోస్టు బాగా తిరిగింది. హైదరాబాద్‌లో 12 వేలతో హాయిగా బతకడం ఎట్టా అని. బయట టీ తాగొద్దు, బిర్యానీ జోలికి పోవద్దు, ఆటో ఎక్కొద్దు, జీతం రాగానే ఐదో వంతు పక్కన పెట్టు, ఏడాది తిరిగేసరికి నీ జీవితమే మారిపోద్ది. మనోళ్లే వందమంది దాకా "సూపర్ అన్నా" అని పెట్టారు. రాసినాయన మంచి మనసుతోనే రాశాడు, ఆయన మీద మాకు కోపం లేదు. కానీ ఆ పోస్టు చదివి ఒక చెల్లెలు మాకు ఫోన్ చేసింది. అందుకే ఈ జవాబు.

ఆ చెల్లెలిది పామూరు మండలంలో ఒక యానాది కాలనీ. కనిగిరిలో డిగ్రీ అయిపోయింది. వాళ్లమ్మ ఏటా మిరపకాయ కోతలకి గుంటూరు వైపు పోతది. ఇప్పుడు ఈ అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, చేతికి 16 వేలు. ఒకటో తారీఖున చేరాలి. "అన్నా, నేను టీ తాగను. బిర్యానీ ఎప్పుడో తిన్నా. ఆటో ఎట్టాగూ ఎక్కను. మరి నేను దేంట్లో మిగల్చాలి?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆ పోస్టులోనూ లేదు.

ఆమె లెక్క రాసి చూశాం. లేడీస్ హాస్టల్ అడ్వాన్సు 3,000. మొదటి నెల ఫీజు 6,500. పామూరు నుంచి బస్సు 900. పరుపు, దుప్పటి, బకెట్, ఆఫీసుకి రెండు జతల బట్టలు, చెప్పులు కలిపి 2,600. జీతం వచ్చేదాకా దారి ఖర్చులు, చిల్లర 2,000. మొత్తం 15,000. ఒకటో తారీఖున చేరితే జీతం పడేది పై నెల ఏడో తారీఖున. అంటే 37 రోజులు చేతికి రూపాయి రాకుండా బతకాలి. అంతకుముందే, ఒకటో తారీఖున, రెండో నెల హాస్టల్ ఫీజు కట్టమని వార్డెన్ తలుపు తడతది.

ఈ 15 వేలు యాడ నుంచి రావాలి? ఊళ్లో నూటికి ఐదు రూపాయల వడ్డీకి రావాలి. అంటే నెలకి 750 ఒట్టి వడ్డీ. రోజూ ఒక టీ, కప్పు 15 రూపాయలు అనుకున్నా నెలకి 450. ఇప్పుడు చెప్పండి. నెలంతా టీ మానేసినా ఆ డబ్బు వడ్డీకే చాలదు. అసలు అట్టాగే ఉంటది. ఇది లెక్క తెలియకపోవడమా, క్రమశిక్షణ లేకపోవడమా?

మేం చెప్పేది ఇదే. పట్నం మనకి నెలనెలా ఖరీదైంది కాదు. మొదటి నలభై రోజులు ఖరీదైంది. గడప దాటి లోపలికొస్తే మనం బతకగలం. మనకన్నా తక్కువలో బతకడం తెలిసినోళ్లు ఎవరున్నారు? సంచి పట్టుకుని వలస పోయి, పరదా కింద ఆరుగురిని సాకిన అమ్మల పిల్లలం. మనకి పొదుపు పాఠం చెప్పడం చేపకి ఈత నేర్పినట్టు ఉంటది. మనకి లేనిది గడప దగ్గర కట్టాల్సిన డబ్బు. అది ఉన్నోడికి నాన్న ఇస్తాడు, మనకి వడ్డీవాడు ఇస్తాడు. తేడా అంతా అక్కడే ఉంది.

మా సంగతి కూడా దాచకుండా చెప్తాం. మేం నలుగురం. ఒకరు యానాది, ఇద్దరు సుగాలి, ఒకరు ఎరుకల. బోరబండలో రెండు గదుల పోర్షన్. అద్దె 8,000, తలకి 2,000. కరెంటు, నీళ్లు తలకి 250. గ్యాసు 250. బియ్యం, పప్పు, కూరగాయలు, గుడ్లు 2,800. ఆదివారం సందకాడ ఎర్రగడ్డ రైతుబజారుకి పోతాం, కట్టేసే వేళకి బేరం బాగా తెగుద్ది. ఎంఎంటీఎస్ రైలు, బస్సు కలిపి 500. బోరబండలో ఎక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. ఫోను 300. మొత్తం 6,100. చేతికొచ్చే 16 వేలల్లో ఇంటికి 5,000 పంపినా 4,900 మిగులుద్ది. రోజూ టీ తాగుతాం. నెలకోసారి చికెన్ తెచ్చుకుంటాం. పరీక్షలకి చదువుకునే తమ్ముడికి సెలవు రోజున చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరుకుద్ది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే మాదీ ఆ పోస్టు లాంటిదే అవుద్ది. చూశారా, క్రమశిక్షణ ఉంటే ఎట్టా బతకొచ్చో అని. కానీ అసలు మాట వేరే ఉంది. ఆ ఇంటికి అడ్వాన్సు 16,000. అది మేం కట్టలేదు. కనిగిరి దగ్గర తండా అన్న ఒకాయన ఎప్పుడో కట్టాడు. ఆయనకి ఉద్యోగం మారి వెళ్లిపోయేటప్పుడు అడ్వాన్సు వెనక్కి తీసుకోలేదు. "మీ తర్వాత వచ్చేవాళ్లకి వదిలి పోండి" అని తాళం చేతిలో పెట్టాడు. మేం మూడో బ్యాచి. మా 4,900 మిగులు వెనక మా గొప్పతనం ఏమీ లేదు, ఆ అన్న వదిలేసిన 16,000 ఉంది. సక్సెస్ కథలు రాసేవాళ్లు ఈ ముక్క ఎందుకో ఎప్పుడూ రాయరు.

ఇక అద్దె దొరకడం సంగతి. డబ్బు ఉన్నా గది ఇవ్వరు. ఈ ఇంటికి ముందు ఒకచోట అన్నీ మాట్లాడుకున్నాం, రంగు కూడా బాగుంది అనుకున్నాం. ఓనరమ్మ "మీరేమిట్లు బాబూ?" అంది. చెప్పాం. సాయంత్రానికి "మా అల్లుడు దిగుతున్నాడు" అని ఫోను. ఎరుకల, యానాది లాంటి తెగల మీద పుట్టుకతోనే నేరం ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది, 1952లో రద్దయింది. కాయితం మీద రద్దయింది. అల్లుడు మాత్రం ఇంకా దిగుతూనే ఉన్నాడు. ఇంతా చేసి ఈ పట్నంలో అన్నిటికన్నా ఖరీదైన పేటల్లో ఒకదాని పేరు బంజారాహిల్స్. పేరు మన సుగాలోళ్లది. అక్కడ గజం ఎంతో అడిగే ధైర్యం కూడా మనకి లేదు.

సర్కారు సంగతి చూద్దాం. డిగ్రీ, ఆపై చదివే పిల్లకి హాస్టల్, తిండి ఖర్చులకి వసతి దీవెన కింద ఏడాదికి 20,000 అని 2020లో పెట్టారు. పాలిటెక్నిక్‌కి 15,000, ఐటీఐకి 10,000. పది నెలలకి పంచితే డిగ్రీ పిల్లకి నెలకి 2,000. ఈ డబ్బుకి అమీర్‌పేటలో పది రోజులు కూడా గడవదు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకి ఫీజు సాయం తీసేసింది. మనవాళ్లు ఎందరో పీజీ ఆశ వదిలేసి డెలివరీ బ్యాగు తగిలించుకుంది ఆ తర్వాతే. చదువు అయ్యాక ఇంకా ఘోరం. హైదరాబాద్‌లో మనం నాన్‌లోకల్. మేం తిరిగిన ప్రతిచోటా లోకల్ కాయితం అడిగారు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ఉచితం, కానీ తెలంగాణ చిరునామా ఉండాలి. పామూరు ఆధార్ ఉన్న చెల్లెలు టికెట్టు కొనాల్సిందే. తెలంగాణ డబ్బు తెలంగాణ వాళ్లకి పెట్టుకోవడం తప్పని మేం అనం. మరి మన రాష్ట్రం ఏం చేస్తున్నట్టు? పని లేక, పంట లేక, ఫ్లోరైడ్ లేని నీళ్లు కూడా సరిగ్గా లేక పడమటి ప్రకాశం నుంచి ఊళ్లకి ఊళ్లు హైదరాబాద్, బెంగళూరు బస్సెక్కుతున్నాయని తెలియదా?

"ఉద్యోగం చేసేవాళ్లకి కూడా సర్కారు గది ఇవ్వాలా?" అని కొందరు ఎగతాళి చేస్తారు. అడగాల్సిందే. కొత్త కోరిక కూడా కాదు. పనిచేసే ఆడవాళ్లకి కేంద్రం సఖీ నివాస్ అని హాస్టళ్లు పెట్టింది. అక్కడ అద్దె జీతాన్ని బట్టి ఉంటది. ఒక్కరి గదికి జీతంలో 15 శాతం, ఇద్దరి గదికి 10 శాతం, డార్మిటరీకి ఏడున్నర శాతం దాటకూడదు. అంటే 16 వేల జీతానికి డార్మిటరీలో 1,200. సూత్రం సర్కారు దగ్గరే ఉంది. అదే సూత్రంతో హైదరాబాద్‌లో, బెంగళూరులో, చెన్నైలో మన గిరిజన సంక్షేమ శాఖ ఒక్కో అద్దె భవనం తీసుకుంటే చాలు. మొదటి ఆరు నెలలకే ఇమ్మనండి. ఆ తర్వాత మేమే ఖాళీ చేసి పోతాం.

ఇంకో గొంతు కూడా ఉంది. "అంత కష్టపడి పట్నంలో ఉండటం ఎందుకు, ఊళ్లోనే ఉండొచ్చుగా." ఈ మాట అనేవాళ్ల పిల్లలు యాడున్నారో ఒకసారి అడగండి. ఊరంటే మాకూ ప్రేమే. కానీ మన ఊళ్లో మనకి మిగిలిన ఉద్యోగం పేరు మళ్లీ మిరపకాయ కోతే. అమ్మ పోయిన దారినే బిడ్డ పోవాలని చెప్పడానికి ఊరి మీద ప్రేమ అని పేరు పెట్టొద్దు.

మన తప్పులు కూడా ఒప్పుకుందాం, లేకపోతే ఈ పోస్టుకి విలువ లేదు. 16 వేల జీతగాడు 40 వేల ఫోను ఈఎంఐలో ఎత్తుతున్నాడు. ఊళ్లో పెళ్లికి డీజే కోసం అప్పు తెస్తున్నారు. బెట్టింగు యాపుల్లో ఏడాది జీతం పోగొట్టుకున్నోడు మన తండాలోనే ఉన్నాడు. లోన్ యాపు జోలికి మాత్రం అసలు పోవద్దు. 2020 చివర్లో ఆ యాపుల వేధింపులకి హైదరాబాద్‌లో ప్రాణాలే పోయాయి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం యాపు మన ఫోన్లో కాంటాక్టులు చూడకూడదు. ఎవడైనా బెదిరిస్తే 1930కి ఫోన్ చేయండి, సిగ్గుపడి దాచుకోవద్దు. ఇక స్థిరపడ్డ మన పెద్దలకి ఒక మాట. గవర్నమెంటు ఉద్యోగం వచ్చి పట్నంలో ఇల్లు కట్టుకున్న అన్నలు పై పోర్షన్ మన పిల్లలకి ఎందుకు ఇవ్వరు? మీకూ అల్లుళ్లే దిగుతున్నారా?

టీ మానడం కంటే లాభమైనవి కొన్ని ఉన్నాయి. జీతం 21,000 లోపు ఉంటే మీ కంపెనీకి ఈఎస్ఐ వర్తిస్తుందా, మీ నంబరు ఎంత అని గట్టిగా అడగండి. 17,000 జీతానికి మన వాటా 128, యజమాని వాటా 553. సనత్‌నగర్‌లో పెద్ద ఈఎస్ఐ ఆసుపత్రే ఉంది. ఒక్క ఆపరేషన్ వస్తే మన ఐదేళ్ల పొదుపు పోద్ది, దాన్ని ఆపేది ఈ నంబరే. రేషన్ కార్డు సంగతీ కనుక్కోండి. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య మొదలైన పద్ధతి ఇప్పుడు దేశమంతా ఉంది. ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డైతే హైదరాబాద్‌లో కూడా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. కానీ ఇంట్లో అమ్మకి చెప్పి, మీ వాటా వరకే తీసుకోండి.

ఇప్పుడు మొదట చెప్పిన పని. పామూరు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు నుంచి హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న మనోళ్లు ఈ గ్రూపులో ముప్పైమంది ఉన్నా చాలు. తలకి నెలకి 200, అంటే నెలకి 6,000. ఐదు నెలల్లో 30,000. ఇద్దరి మొదటి నలభై రోజులు గట్టెక్కుతాయి, వడ్డీ లేకుండా. తీసుకున్నవాళ్లు నెలకి 2,500 చొప్పున ఆరు నెలల్లో తిరిగి కట్టాలి, ఆ డబ్బు తర్వాతి వాళ్లకి పోద్ది. చీటీలు ఎగ్గొట్టిన కథలు మాకూ తెలుసు. అందుకే ఖాతా ఇద్దరి పేర, అందులో ఒకరు ఆడపిల్ల. డబ్బు చేతికి కాదు, నేరుగా హాస్టల్‌కి. ప్రతి ఒకటో తారీఖున లెక్క ఇక్కడే పెడతాం. ఈ పని చేస్తూనే గిరిజన సంక్షేమ శాఖకి హాస్టల్ కోసం అర్జీ కూడా పెడదాం. సర్కారు ఇచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోలేం, మనం చేసుకుంటున్నాం కదా అని సర్కారుని వదిలేయనూ లేం.

ఆ చెల్లెలికి మేం ఏం చెప్పామంటే, రా అని చెప్పాం. నలుగురం మా 4,900ల్లోంచి తలా 3,750 వేశాం, 15,000 అయింది. ఈ నెల మాకు చికెన్ లేదు, టీ మాత్రం ఉంది. శనివారం రాత్రి పామూరులో బస్సెక్కుతది. ఆదివారం తెల్లారి దించుకోవడానికి మేం పోతున్నాం. ఆమె తర్వాత వచ్చే పిల్ల కోసం మీరు 200 వేస్తారా లేదా, కింద రాయండి. "సూపర్ అన్నా" అని మాత్రం రాయొద్దు.