జీతం ఎంత కాదు, ఎందులో?

విద్యాసంవత్సరం ముగిసే వేళకు రాజమండ్రి, కాకినాడ, భీమవరం కాలేజీల స్టాఫ్‌రూముల్లో వినిపించే ప్రశ్న ఒకటుంది: “ఇథియోపియా వెళ్తే ఎలా ఉంటుందండీ?”

దారి కొత్తది కాదు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో మనవాళ్లు ఏళ్లుగా పాఠాలు చెబుతున్నారు. అక్కడి విద్యార్థులు పరిశోధనకు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వస్తున్నారు. వెళ్లడం లాభమా కాదా అన్న లెక్క మాత్రం ఎవరిది వారే వేసుకోవాలి.

ముందు అడగాల్సింది జీతం ఎంత అని కాదు, ఏ కరెన్సీలో అని. 2024 జూలై చివర ఇథియోపియా తన కరెన్సీ బిర్ విలువను మార్కెట్‌కు వదిలేసింది. డాలరుకు 57 దగ్గరున్న బిర్ కొన్ని వారాల్లోనే 100 దాటింది. బిర్లలో జీతం తీసుకుని ఇంటికి పంపేవారికి దాదాపు సగం కోత పడినట్టే. డాలరు ఒప్పందం ఉన్నవారికి ఆ దెబ్బ లేదు.

రెండోది భద్రత. ఇథియోపియాలో కాదు గానీ, 2015 జూలైలో లిబియాలోని సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులు అపహరణకు గురయ్యారు. వారు విడుదలయ్యేసరికి 2016 సెప్టెంబరు వచ్చింది. దేశం పేరే కాదు, ఊరి పేరు కూడా కనుక్కోవాలి.

మూడోది తిరిగొచ్చాక సంగతి, అక్కడి ఖర్చుల సంగతి. ఆ సర్వీసు ఇక్కడ లెక్కకొస్తుందా? విమాన టికెట్టు, ఇల్లు, వైద్యం, పిల్లల బడి ఎవరి ఖర్చు? అన్నీ కాగితం మీద ఉండాలి.

మా మాట ఇది: పర్మనెంటు పోస్టులో ఉన్నవారు సెలవు మంజూరైతేనే కదలండి. నెలనెలా జీతం చేతికందని ప్రైవేటు కాలేజీలో ఉన్నవారికి డాలరు ఒప్పందం, ప్రశాంతమైన ఊరు రెండూ దొరికితే వెళ్లిరావడమే మేలు.

– సంపాదకుడు