మందు రాసే చేతికి మందేదీ?

‘గజ్జికుక్క’ అన్నది మనకి తిట్టు. జబ్బు పేరే తిట్టయిపోయాక, అది ఇంట్లోకొస్తే ఎవరు నోరు విప్పి చెప్పుకుంటారు? జ్వరమొస్తే పక్కింటావిడతో చెప్తాం, మోకాళ్లనొప్పుల సంగతి బస్సులో పక్కసీటావిడతో కూడా చెప్తాం. పిల్లాడి వేళ్లసందుల్లో పొక్కులు కనిపిస్తే మాత్రం ‘చెమటకాయలండీ’ అని మాట దాటేస్తాం.

నిజానికి గజ్జికి శుభ్రమైన ఇల్లు, మురికి ఇల్లు అన్న తేడా లేదు. కంటికి ఆనీ ఆనని ఓ పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. ఒకరి ఒంటికి ఒకరి ఒళ్లు కాసేపు ఆనుకుని ఉంటే చాలు, పాకేస్తుంది. ఒకే పక్కమీద పడుకునే అక్కచెల్లెళ్లు, చంటిబిడ్డనెత్తుకునే తల్లి, ఇరుకు గదుల్లో హాస్టలు పిల్లలు... వీళ్లకే ముందు సోకుతుంది. ఏ సమయంలో చూసినా లోకంలో 20 కోట్లమందికి పైగా గజ్జి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ పురుగు సంగతిని 1687లో ఇటలీలో బొనోమో అనే వైద్యుడు లోకానికి వెల్లడించాడు. ఆయనకి దారి చూపించింది ఎవరో తెలుసా? పేద తల్లులు! పిల్లల పొక్కుల్లోంచి వాళ్లు సూదిమొనతో ఏదో తీసి గోటిమీద నొక్కేయడం చూసే ఆయనకి ఆలోచన వచ్చింది.

సిగ్గుపడి దాచుకుంటే నష్టం మనకే. మందులషాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ట్యూబు దురదని కాస్త తగ్గిస్తుంది, పురుగుని చంపదు. రాత్రంతా గోకిన చోట పుండ్లు పడి, వాటిలో క్రిములు చేరితే ఆ చెరుపు మూత్రపిండాల దాకా వెళ్లవచ్చు.

మందుకేం కొరత లేదు. డాక్టరు సాధారణంగా పెర్మెత్రిన్ క్రీము రాసిస్తారు. మెడనుంచి అరికాళ్ల దాకా రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడుక్కోవాలి. వారం తర్వాత ఇంకోసారి. చంటిపిల్లలకీ గర్భిణులకీ ఎలాగన్నది డాక్టరునే అడగాలి. మొదటిసారి సోకినవాళ్లకి దురద మొదలవడానికే నాలుగైదు వారాలు పట్టవచ్చు. అందుకే దురద ఉన్నా లేకపోయినా ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలి. ఆ రోజే పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకాలి.

ఇక్కడే మన సంగతి వస్తుంది. అందరికీ రాసి, ఆఖర్న ‘నాకేం లేదులే’ అంటుంది ఇల్లాలు. రాసుకున్నా, అంతలోనే గిన్నెలు తోముతుంది, పాలగిన్నె కడుగుతుంది. గజ్జిపురుగు ఇష్టపడేది వేళ్లసందులే, ముందు మందు పోయేదీ అక్కడే! చేతులు కడిగిన ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి. నెల తిరక్కుండా జబ్బు మళ్లీ వచ్చిందంటే, మందు పనిచేయలేదనుకునే ముందు ఆ చేతుల్ని చూడండి.

పనిమనిషి చేతులమీద పొక్కులు కనిపిస్తే ‘నయమయ్యాక రా’ అని జీతం కోసేసే ఇళ్లని నేను చూశాను. ఆవిడ ఇంకో ఇంట్లో పొడుగుచేతుల జాకెట్టేసుకుని పనిచేస్తుంది, అంతే. ఆ రెండు రోజుల జీతం, ఆవిడ ఇంట్లోవాళ్లకి కూడా సరిపడా మందూ ఇస్తే మనకీ మేలే.

కుక్కల గజ్జిపురుగు మన ఒంటిమీద దురద పెట్టగలదు గానీ, పిల్లల్ని పెట్టి కాపురం చేయలేదు. దానికి వైద్యం చేయిస్తే మన దురదా పోతుంది. దానిమీద ఇంజనాయిలూ కిరసనాయిలూ పోయడం వైద్యం కాదు, హింస. పశువైద్యుడికి చూపించండి.

మందు రాసే రాత్రి మాత్రం వంటిల్లు పెందలాడే కట్టేయండి. ‘అమ్మా, నీకు నేను రాస్తాను’ అని ఎవరూ అనకపోతే, అడిగి మరీ రాయించుకోండి.