సంతకం ఎవరి బాకీ?

గోదావరిఖనిలో బొగ్గు బాయి (గని) పని చేసేవాళ్ల ఇళ్లలో బీరువా పైఅరలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఓపీ చీటీలు, ఎక్స్‌రేలు, ఊపిరి పరీక్ష కాగితాలు, హైదరాబాదు ఆస్పత్రి డిశ్చార్జి షీటు. పనికి ఫిట్టో అన్‌ఫిట్టో తేల్చే కంపెనీ మెడికల్ బోర్డుకు పిలుపొస్తే ఆ కవరు పట్టుకునే కొత్తగూడెం బస్సెక్కుతారు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో ఉమ్మడి హైకోర్టు కొట్టేశాక, తండ్రి చనిపోతేనో, బోర్డు అన్‌ఫిట్ అంటేనో పిల్లలకు కారుణ్య నియామకం. ఒక డాక్టరు రాసే మాట మీద రెండు తరాల తిండి ఆధారపడి ఉంది.

ఆ కవరులోని చాలా కాగితాల మీద సంతకం ఉండదు. కంప్యూటర్ ప్రింటుకు సంతకం అక్కర్లేదని ల్యాబువాళ్లే కింద అచ్చు వేసి ఇస్తారు. బోర్డు ‘ఫిట్’ అన్నాక చేసుకునే అప్పీలులో అదే కాగితం బల్ల మీద పెడితే ‘ఇది రాసిందెవరు?’ అని అడుగుతారు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. రాజ్‌కుమార్, అజయ్‌కుమార్‌ల రోడ్డు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: వైకల్య సర్టిఫికెట్ చూపిస్తే సరిపోదు, చికిత్స చేసిన డాక్టరో పరీక్షించిన డాక్టరో వచ్చి సాక్ష్యం చెప్పాలి. ల్యాబు రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరే సంతకం పెట్టాలని 2017 డిసెంబరులో అదే కోర్టు తేల్చింది. దొంగ కాగితం పుట్టించే దళారీని ఆపేది కూడా డాక్టరు పేరూ రిజిస్ట్రేషన్ నంబరే. అంతవరకు నాకు పేచీ లేదు.

పేచీ శిక్ష ఎవరికి పడుతుందన్న దగ్గరే. సర్టిఫికెట్ మీద రిజిస్ట్రేషన్ నంబరు వేయాల్సింది, రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాల్సింది డాక్టరేనని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. సంతకం మరిచింది ఒకరు, అప్పీలు ఓడేది ఇంకొకరు. పైగా ఆ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డును మూడేళ్లు దాస్తే చాలు. బొగ్గు దుమ్ము జబ్బు బయటపడడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ క్లినిక్ మూతపడి ఉండొచ్చు, డాక్టరు కాలం చేసి ఉండొచ్చు. పాత కాగితం మీద సంతకం కోసం కార్మికుడు ఎవరి గడప తొక్కాలి?

డాక్టరు వచ్చి తీరాలన్న నియమం అన్నిచోట్లా లేదు. అమెరికాలో 1971లో పెరాలెస్ అనే కార్మికుడి వైకల్య భృతి కేసులో, డాక్టరు స్వయంగా రాకపోయినా ఆయన రాసిచ్చిన నివేదిక సాక్ష్యంగా నిలుస్తుందని అక్కడి సుప్రీంకోర్టు అంది. రాసిందెవరో తెలుసు, కావాలంటే పిలిపించి అడిగే హక్కు కార్మికుడికి ఉంది, అందుకని.

నేననేది ఇది. కార్మికుడు తెచ్చిన సంతకం లేని రిపోర్టును ఆచూకీగా తీసుకోవాలి. దాన్ని పట్టుకుని ఆ ఆస్పత్రికి ఉత్తరం రాయాల్సింది బోర్డే. కంపెనీ దగ్గరే ఏళ్ల తరబడి చేసిన మెడికల్ పరీక్షల రికార్డు ఉంటుంది, దానితో పోల్చాలి. కార్మికుడిని ‘ఫిట్’ అని తిప్పి పంపే కాగితం మీద మాత్రం పేరు, సంతకం, కారణం మూడూ లేకపోతే అది చెల్లకూడదు. కలమూ ముద్రా రెండూ బోర్డు చేతిలోనే ఉన్నాయి కదా.

దుమ్ము పట్టి గట్టిపడిన ఊపిరితిత్తి మచ్చ మానదు. అందుకే కాగితాన్ని పక్కకు పెట్టే ముందు ఆ మనిషిని ఇంకోసారి ఎక్స్‌రే మెషీను ముందు నిలబెట్టొచ్చు.