బంతాటతో బతుకు



కోరుట్ల దగ్గరి ఒక పల్లెలో ఒక ఇంటికి వెళ్ళాను. పెద్దకొడుకు సౌదీలో ఉన్నాడు. చిన్నవాడు తొమ్మిదో తరగతి, బంతాట అంటే ప్రాణం. గోడమీద ఒక ఆఫ్రికా ఆటగాడి బొమ్మ అంటించుకున్నాడు. తల్లి బీడీలు చుడుతూ, "గా ఆఫ్రికోళ్ళు బంతాటతోనే బతుకుతరంట గదా అయ్యగారూ, మావోడు గట్లనే పోతనంటడు. నిజమేనా?" అని అడిగింది. ఆమెకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

జగిత్యాల నుండి గల్ఫుకు, సిరిసిల్ల నుండి భీవండికి మనవారు పోవటం మనకు తెలుసు. మన తెలుగు నేలకే ఆఫ్రికా నుండి వచ్చిన ఆటగాడు ఒకడున్నాడు. పేరు చీమా ఒకోరీ, నైజీరియా దేశస్థుడు. (పేరు విని నవ్వకండి, మనిషి కోడెలాంటివాడు!) 1980లలో అతడు విశాఖపట్నం వచ్చింది చదువు కోసం. బతుకుతెరువైంది మాత్రం బంతి. 1985లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బులో చేరాడు. తర్వాత ఈస్ట్ బెంగాల్, ఆ తర్వాత మోహన్ బగాన్. కలకత్తాలో ఈ జట్ల ఆట ఉందంటే ఒకే ఇంట్లో అన్నదమ్ములు రెండు పక్షాలవుతారు. 1990ల తొలి సగంలో కొంతకాలం ఇంగ్లాండు వెళ్ళి గ్రిమ్స్‌బీ, టార్కీ పట్టణాల జట్లకు ఆడి, మళ్ళీ మోహన్ బగాన్‌కే వచ్చాడు. 1997 జూలై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో సుమారు 1,31,000 మంది చూస్తుండగా అతని జట్టు ఈస్ట్ బెంగాల్ చేతిలో 4-1తో ఓడింది. ఆ ఒక్క గోలూ చీమాదే. తర్వాతి సీజనులో మోహన్ బగాన్ జాతీయ లీగు గెలిచింది.

విన్న పిల్లవాడి కళ్ళు మెరిశాయి. తల్లి మాత్రం, "మరి కాయితాలు?" అంది. సౌదీకి కొడుకును పంపిన తల్లి కదా!

ఆటగాడిదీ కాగితాల బతుకే. క్లబ్బుతో ఒప్పందంలో ఎన్ని సీజన్లో, జీతమెంతో రాసుంటుంది. అతడు అంతకుముందు ఆడిన దేశపు ఫుట్‌బాల్ సంఘం బదిలీ పత్రం పంపందే కొత్త క్లబ్బు అతణ్ని లీగు ఆటలో దింపలేదు. ఒప్పందం తీరి మరో క్లబ్బు పిలవకపోతే ఆ దేశంలో ఉండటమే కష్టమవుతుంది. మనవాళ్ళ అకామా గొడవ వంటిదే ఇది. మోకాలు బాగుండి, కాలం కలిసొస్తే ముప్పై అయిదేళ్ళ దాకా ఆడవచ్చు. ఆ తర్వాత ఇంకో పని వెతుక్కోవలసిందే.

ఏజెంట్లు అక్కడా ఉన్నారు. యూరపులో క్లబ్బు చూపిస్తామని ఆఫ్రికా తల్లిదండ్రుల దగ్గర డబ్బు గుంజి, పిల్లలను తెలియని ఊళ్ళో వదిలేసి పోతారు. అలాంటి పిల్లల కోసం కామెరూన్ మాజీ ఆటగాడు జాన్ క్లోడ్ ఎంవూమిన్ 2000లో పారిస్‌లో ఒక సంస్థ పెట్టాడు. 2001లో ఫిఫా, కొద్ది మినహాయింపులతో, 18 ఏళ్ళు నిండనివారిని పరదేశపు క్లబ్బులకు మార్చకూడదని నియమం చేసింది.

అంత దూరమెందుకు? కేరళలో మలప్పురం వైపు జట్టుకు ఏడుగురు చొప్పున రాత్రిళ్ళు లైట్ల కింద ఆడే ఆటలకు ఆఫ్రికా నుండి ఆటగాళ్ళు వస్తుంటారు. ఆడిన ఆటకు ఇంతని కూలి. 2020లో కరోనాతో ఆటలూ విమానాలూ ఆగిపోతే చాలామంది అక్కడే చిక్కుకుపోయారు. ఆ ఏడే మన గల్ఫు బిడ్డలూ క్యాంపుల్లోనుండి ఇళ్ళకు ఫోన్లు చేసి ఏడ్చారు. కలకత్తా జనం చీమా పేరు ఈనాటికీ తలుస్తారు. కేరళలో ఆగిపోయిన వారి పేర్లు ఎవరికి గుర్తు?

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చాట పక్కకు పెట్టి, "పెద్దోని వీసాకు తెచ్చిన బాకీ ఇంకా తీరలే. వీనికోసం ఏ ఏజెంటుకూ రూపాయియ్య. బడి ఇడిచినంక ఆడుకోనీ, వద్దన" అంది. పిల్లవాడు అప్పటికే బంతి చంకలో పెట్టుకుని వాకిలి దాటాడు.