14 ఏళ్ళ అనుభవం, 0 క్రెడిట్లు

మావాడొకడున్నాడు. పుంగనూరు వాడు. పదో తరగతి కాగానే కుప్పం పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, అక్కడి స్టేషన్లోనే రైలెక్కి బెంగుళూరు చేరాడు. 14 ఏళ్ళుగా నెట్‌వర్కింగ్‌లో ఉన్నాడు. అర్ధరాత్రి రౌటర్ మొరాయిస్తే ఆఫీసులో బీటెక్కులూ ఎంటెక్కులూ అందరూ ఫోన్ చేసేది వాడికే. అలాంటివాడికి మొన్న ప్రమోషన్ ఆగిపోయింది. క్లయింటు బీటెక్ అడుగుతున్నాడట!

సరే, ఆ కాగితమేదో తెచ్చేసుకుంటే పోలా అని, మా వైపే ఉన్న ఒక కాలేజీకి వెళ్ళాడు. నన్నూ తోడు తీసుకెళ్ళాడు. ఆఫీసులో పెద్దమనిషి చాలా మర్యాదగా చెప్పాడు.

"ఈసెట్ రాయండి సార్. సెకండియర్లో చేరొచ్చు. అటెండెన్స్ మాత్రం 75 శాతం ఉండాల."

"మరి నా ఎక్స్‌పీరియన్సు?"

"దానికేం లేద్సార్. నిన్నగాక మొన్న డిప్లొమా పాసైన పిల్లోనికీ మీకూ ఒకటే రూలు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "అయితే ఈ 14 ఏళ్ళూ నేనేం నేర్చుకోలేదంటావా రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ గోల.

ముందు ఒక మంచి మాట. చదివిన చదువుకి విలువ కట్టడం మనవాళ్ళకి చేతకాదని నేననను. ఈసెట్టే సాక్ష్యం. ఇంటర్ 2, బీటెక్ 4, మొత్తం 6. డిప్లొమా 3, ఈసెట్‌తో బీటెక్ 3, అదీ 6. ఒక్క ఏడు కూడా నష్టం లేదు, లెక్క చక్కగా కుదిరింది. కానీ ఆ లెక్క క్లాసులో కూర్చున్న ఏళ్ళకే. కాలేజీ గేటు దాటి బయటికొచ్చాక నేర్చుకున్నదంతా సున్నా.

ఎప్పుడూ ఇలాగే ఉండేదా? లేదు. ఏఎమ్ఐఈ గుర్తుందా? 1920లో పుట్టిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ళు పెట్టే పరీక్షలు. సెక్షన్ ఏ, సెక్షన్ బీ. పగలు సైటులో పని, రాత్రి పుస్తకం. క్లాసుల్లేవు, పాసవడమూ కష్టమే. పాసైతే మాత్రం ఇంజనీరింగ్ డిగ్రీతో సమానం. డిప్లొమాతో ఉద్యోగంలో చేరి ఇంజనీర్లైన వాళ్ళు మన నాన్నల తరంలో వెతికితే దొరుకుతారు. 2013 మే 31 తర్వాత చేరినవాళ్ళకి ఆ గుర్తింపు లేకుండా పోయింది. తలుపు మూశారు, బదులుగా ఇంకోటి తెరవలేదు.

2023 నుంచి ఏఐసీటీఈ ఉద్యోగస్తులకి వీలైన వేళల్లో బీటెక్ చదివే ఏర్పాటు చేసింది కదా అంటారేమో. చేసింది, సంతోషం. అందులో చేరడానికి ఉద్యోగానుభవం కావాలి. చేరాక ఆ అనుభవానికి ఒక్క సబ్జెక్టు కూడా తగ్గదు! పైగా పనిచేసే చోటు కాలేజీకి చుట్టుపక్కలే ఉండాలి. బెంగుళూరులో ఉద్యోగం చేసేవాడు మదనపల్లెలో చేరాలంటే హెలికాప్టర్ కొనుక్కోవాలి.

ఇప్పుడు అసలు తమాషా. మావాడి 14 ఏళ్ళని ఎవరూ లెక్కలోకి తీసుకోరా అంటే, తీసుకుంటారు. అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళు! హెచ్1బీ నిబంధనల్లో, డిగ్రీలో తక్కువైన ఒక్కో ఏడాదికి మూడేళ్ళ సంబంధిత అనుభవం చూపించవచ్చు. మూడేళ్ళ బీఎస్సీతో వెళ్ళిన మన సీనియర్లు ఎంతమంది ఈ లెక్కతో గట్టెక్కారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫ్రాన్సులో 2002 నుంచి చట్టమే ఉంది, చేసిన పనిని ఒక జ్యూరీ ముందు నిరూపించుకుంటే డిగ్రీ ఇస్తారు. పుంగనూరు వాడు ఏం నేర్చుకున్నాడో వాళ్ళెవరో చూస్తామంటున్నారు, మనవాళ్ళు చూడమంటున్నారు.

ఇంకా పెద్ద తమాషా యూజీసీది. 2022లో "ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్" అని ఒకటి తెచ్చారు. 15 ఏళ్ళ అనుభవం, రంగంలో పేరూ ఉంటే చాలు, డిగ్రీలు లేకపోయినా పాఠాలు చెప్పొచ్చు. మంచి పనే! 1919లో మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి, జనగణమనని ఇంగ్లీషులోకి అనువదించిన టాగోర్ కూడా లండన్లో చదువు మధ్యలో వదిలేసి డిగ్రీ లేకుండా తిరిగొచ్చినవాడే. ఆయన్ని గేటు దగ్గర ఆపి సర్టిఫికెట్లు అడిగితే నష్టం ఎవరికి? సరే, ఇప్పుడు ఈ రెండు రూల్సూ పక్కపక్కన పెట్టి చూడండి. మావాడు ఇంకొక్క ఏడు ఆగి, కాస్త పేరు కూడా తెచ్చుకుంటే కంప్యూటర్ నెట్‌వర్క్స్ పాఠం చెప్పొచ్చు. కానీ అదే సబ్జెక్టు పాసవ్వాలంటే మాత్రం బెంచీ మీద కూర్చుని పాఠం వినాలి!

కాగితం మీద మన దగ్గరా అన్నీ ఉన్నాయి. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. 2023లో నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్. 30 గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్ అట, అనుభవానికీ విలువుందట. సరదాకి లెక్కేశాను. ఏడాదికి 2000 గంటలు, 14 ఏళ్ళకి 28000 గంటలు, 30తో భాగిస్తే 933 క్రెడిట్లు. బీటెక్‌కి కావలసింది 160. దాదాపు ఆరు బీటెక్కులు!

ఇలా లెక్కకట్టకూడదని నాకూ తెలుసు. 14 ఏళ్ళు పనిచేసి ఏమీ నేర్చుకోనివాళ్ళని మీరూ చూశారు, నేనూ చూశాను (వాళ్ళలో కొందరు నాకు మేనేజర్లు కూడా). గంటలు చూసి క్రెడిట్ ఇవ్వమని ఆ ఫ్రేమ్‌వర్కూ చెప్పడం లేదు, మదింపు చేసి ఇవ్వమంటోంది. మరి ఆ మదింపు చేసేదెవరు? మేం వెళ్ళిన ఆఫీసులో ఆ మాటే ఎవరూ వినలేదు.

"ఇలా తలుపులు తెరిస్తే డిగ్రీల దుకాణాలు మొదలవుతాయి" అంటారు. భయం న్యాయమైందే. కుప్పంలోనే, 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇచ్చిన పీహెచ్‌డీల మీద ఎంత రచ్చయిందో మనకి తెలుసు. అనుమతుల్లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలిచ్చిన నాలుగు డీమ్డ్ యూనివర్సిటీల విషయంలో 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఏం చేసిందో చూడండి. 2005 తర్వాత చేరినవాళ్ళ డిగ్రీలు రద్దు చేసింది. 2001-05 మధ్య చేరినవాళ్ళకి మాత్రం, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతే డిగ్రీ నిలుస్తుందంది. అంటే అనుమానం వచ్చినప్పుడు కోర్టుకి తోచిన మందు కూడా పరీక్షే. దుకాణాలు పుట్టేది సరిగ్గా పరీక్షించని చోట.

ఆ పరీక్ష మనం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. సప్లీలున్నాయిగా! ఒక సబ్జెక్టు తప్పిన కుర్రాడు మళ్ళీ క్లాసుకి వెళ్తాడా? వెళ్ళడు. ఫీజు కట్టి, హాల్లో కూర్చుని రాసి, పాసైతే క్రెడిట్లు తీసుకుంటాడు. రెండోసారి రాసేవాడు ఎక్కడ నేర్చుకున్నాడని ఏ యూనివర్సిటీ అడగదు. అదే హాల్లో మావాడికీ ఒక కుర్చీ వెయ్యండి. అదే ప్రశ్నపత్రం, అదే వాల్యుయేషన్. ల్యాబుకి ఎలాగూ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తాడు, వైవాలో చెమటలు పట్టించండి. సగం క్రెడిట్లకి మించి ఇలా ఇవ్వమని హద్దు పెట్టండి, ప్రాజెక్టు మీ దగ్గరే చెయ్యమనండి. లెక్కలు ఫెయిలైతే మళ్ళీ రాస్తాడు. వాడు అడిగేది దయ కాదు, హాల్‌టికెట్.

అన్నట్టు, మావాడు చదివిన కుప్పం ప్రభుత్వ పాలిటెక్నిక్ పేరు డాక్టర్ వై.సి. జేమ్స్ యెన్ పాలిటెక్నిక్. ఎవరీ యెన్ అని మేం అక్కడ గోడమీద పేరు చూసి ఎన్నడూ అడగలేదు. చైనావాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఫ్రాన్సులో కూలిపనికొచ్చిన చైనావాళ్ళకి వాళ్ళ శిబిరాల్లోనే అక్షరాలు నేర్పాడు. పనిచేసే మనిషి దగ్గరికే చదువు వెళ్ళాలన్నది ఆయన జీవితమంతా చేసిన పని. ఆయన పేరున్న చోట చదివి, మూడు రాష్ట్రాల డేటా సెంటర్లు చూసుకుంటున్నవాడు ఇప్పుడు అటెండెన్స్ దగ్గర ఆగిపోయాడు.

మీలో ఇంటర్వ్యూ ప్యానెళ్ళలో కూర్చునేవాళ్ళు చాలామందే ఉంటారు. యూనివర్సిటీలు మారేలోపు ఒక్క పని మీ చేతుల్లో ఉంది. రెజ్యూమెల జల్లెడలో "బీటెక్ మాత్రమే" అన్న టిక్కు తీసేసి చూడండి. మావాడి లాంటివాళ్ళు ఎంతమంది కిందపడిపోతున్నారో అప్పుడు తెలుస్తుంది.