600 గజాల లోపు ఎండ కాయదా?

విద్యుత్తు పొదుపు గురించి మన చెవిన పడే హితబోధలు మూడే మూడు. అక్కరలేని దీపం ఆర్పు, ఐదు నక్షత్రాల ఏసీ కొను, దాన్ని 24 డిగ్రీల దగ్గర పెట్టుకో. ఉపదేశమంతా ఇంట్లో ఉండేవాడికే. ఆ ఇల్లు కట్టినవాణ్ణి మాత్రం ఎవరూ పలకరించరు. నా పేచీ అక్కడే.

పై అంతస్తులో అద్దెకున్నవారికి చెప్పవలసిన పని లేదు. శ్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రి పది దాటాక కూడా గదిలోకి కక్కుతూనే ఉంటుంది. పంకా ఆ వేడిగాలినే తిప్పుతుంది. అక్కడ ఏసీ పెడితే దాని సత్తువలో చాలా భాగం కప్పుతో కుస్తీకే సరి. పైగా అది తోడిపోసిన వేడి సందులోకి, ఏసీ లేని పొరుగువాడి కిటికీ మీదికి పోతుంది.

ఇదేమీ మనకు తెలియని విద్య కాదు. మిద్దె మీద మట్టి మందంగా పరిచిన రాయలసీమవారూ, గోడల మీద ఎండ పడకుండా వసారాలు దింపిన కోస్తావారూ ఉష్ణప్రసార సూత్రాలు చదివి కట్టలేదు. (పాత ఇళ్ళు స్వర్గాలని అనను. చీకటి గదులూ, పొగచూరిన వంటిళ్ళూ వాటిలోవే.)

చట్టం లేదా అంటే, ఉంది. నివాస భవనాల కోసం 2018లో కేంద్రం ‘ఎకో నివాస్ సంహిత’ వెలువరించింది. పైకప్పు గుండా దిగే వేడి చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లు మించరాదని అందులో ఉంది. ఉత్త కాంక్రీటు శ్లాబు దానికి రెట్టింపు పైనే పంపుతుంది. అయితే ఆ సంహిత వర్తించేది 500 చదరపు మీటర్లు, ఆపై స్థలాలకే. మన లెక్కలో దాదాపు 600 గజాలు. అవసరాన్ని బట్టి రాష్ట్రాలు ఆ హద్దు తగ్గించుకోవచ్చని కూడా అందులోనే రాశారు.

2023లో తెలంగాణ ప్రభుత్వం 2028 దాకా వర్తించే కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. మంచిపనే, మెచ్చుకుంటాను. ఎండను తిప్పికొట్టే కప్పు ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ అదే 600 గజాలు! ఆ లోపు స్థలమైతే ఐచ్ఛికం. హైదరాబాదు బస్తీల్లో అరవై గజాల్లో రేకుల కింద కాపురముండే కుటుంబానికి ఐచ్ఛికమంటే అర్థమేమిటో ఆ విధానం రాసినవారే చెప్పాలి.

“పేదవాడి మీద భారం వెయ్యలేదు, సంతోషించండి” అని కొందరు మిత్రులు అంటారు. బాగుంది. చిన్న స్థలాల్లో మూడేసి అంతస్తులు లేపి వాటా వాటా అద్దెకిచ్చే యజమాని ఏ లెక్కన పేదవాడు? సున్నం ఖర్చు ఆయనది, కరెంటు బిల్లు అద్దెవాడిది. మరి ఆయన బ్రష్షు ఎందుకు పడతాడు? సున్నం పూత వానలకు పోతుంది, ఏటా వెయ్యాలి, నిజమే. ఏటా అద్దె పెంచడం మరచిపోనివాడికి ఇదొక్కటీ గుర్తుండదా?

అద్దెకిచ్చే ప్రతి కప్పుకూ, స్థలం ఎంతైనా సరే, ఈ పూత తప్పనిసరి చెయ్యాలి. సొంత రేకుల ఇంట్లో ఉండే పేదవారికి ప్రభుత్వమే వేయించాలి. ఇంటిపన్ను కోసం కట్టుబడి వైశాల్యం అడుగులతో సహా కొలిచి రాసుకునే పురపాలక సంఘాలకు ఏ ఇంటికి ఎంత సున్నం పడుతుందో లెక్క కట్టడం కష్టం కాదు.