ఇ.సి.జి. కాగితంపై అచ్చయిన మాటే చివరి మాట కాదు

ఇ.సి.జి. కాగితం చేతికి రాగానే చాలామంది గీతల పైన ఇంగ్లీషులో అచ్చయిన వాక్యాన్ని చదివించుకుంటారు. 'నార్మల్' అని ఉంటే నిశ్చింత, లేకపోతే కంగారు. ఆ వాక్యం రాసింది డాక్టరుగారు కాదు, యంత్రంలోని కంప్యూటరు. అది మంచి సహాయకారే గాని, తీర్పు చెప్పవలసింది మాత్రం అది కాదని మా అభిప్రాయం.

యంత్రం చేసే పని ఏమిటి? గుండె నుండి వచ్చే విద్యుత్తు చాలా స్వల్పం. దానితో పాటు కండరాల వణుకు, ఊపిరి కదలిక, గదిలోని కరెంటు రొద కూడా తీగల్లోకి వస్తాయి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు యంత్రం ముందు వీటిని వేరు చేస్తుంది. తరువాత నిటారుగా లేచే శిఖరాలను గుర్తించి, ఒక శిఖరానికి మరొక శిఖరానికి మధ్య కాలాన్ని కొలుస్తుంది. ఈ పనికి 1985లో పాన్, టాంప్కిన్స్ అనే ఇద్దరు ప్రకటించిన పద్ధతి నేటికీ ప్రసిద్ధం.

ఇలాంటి పద్ధతులను పరీక్షించడానికి అమెరికాలోని బోస్టన్‌లో 47 మంది గుండె రికార్డులను సేకరించి 1980లో అందుబాటులోకి తెచ్చారు. అరగంట చొప్పున 48 రికార్డులు. అందులో ఒక్కొక్క గుండె చప్పుడునూ కనీసం ఇద్దరు హృద్రోగ నిపుణులు విడివిడిగా చూసి గుర్తు పెట్టారు. అంటే యంత్రం తప్పొప్పులు తేల్చిందీ మనిషి కన్నే.

యంత్రానికి రెండు పరిమితులున్నాయి. ఒకటి, రోగి చలికి వణికినా, చేయి కదిపినా ఆ వణుకును గుండె లయ తప్పినట్టుగా పొరబడవచ్చు. రెండు, మామూలు ఇ.సి.జి. చూసేది సుమారు 10 సెకన్లు మాత్రమే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ దోషం కొందరిలో వచ్చి పోతుంటుంది. ఆ దోషంలో గుండె పై గదుల్లో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ దోషం ఉన్నవారికి పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు ఎక్కువ. కీళ్లవాతపు జ్వరం వల్ల కవాటాలు చెడినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

అందుచేత మేము కోరేది ఇది. ఇ.సి.జి. తీసేటప్పుడు కదలక, మాట్లాడక పడుకోండి. కాగితం 'నార్మల్' అన్నా దడ, కళ్లు తిరగడం మళ్లీ మళ్లీ వస్తుంటే ఊరుకోకండి, 24 గంటల హోల్టర్ పరీక్ష అవసరమా అని డాక్టరుగారిని అడగండి. పాత కాగితాలు దాచి ఉంచండి, పోల్చి చూడడానికి పనికొస్తాయి. యంత్రం రాసిన మాటను బట్టి మందులు సొంతంగా మొదలుపెట్టకండి, మానకండి.

ఇంట్లో పెద్దవారి మణికట్టు మీద మూడు వేళ్లుంచి నిండుగా ఒక నిమిషం నాడి చూడండి. పిల్లల్లో ఊపిరితో పాటు నాడి కొంచెం మారడం సహజమే. పెద్దవారిలో వరుస లేకుండా కొట్టుకుంటుంటే మాత్రం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. ఖర్చులేని ఈ పరీక్ష ఒక మనిషిని మంచాన పడకుండా కాపాడవచ్చు.